ఏపీ 36, దానికి ముందటి మూడక్షరాలు

వరంగల్‌లో పుట్టి పెరిగినవాళ్లు ఏ దేశం పోయినా ఒక అలవాటు మాత్రం వదలదు. షిర్డీ తొవ్వలోనో, తిరుమల ఘాట్ రోడ్డు మీదనో ముందు పోయే బండి వెనక ఏపీ 36 కనపడ్డదంటే చాలు, పక్కకు పోనిచ్చి, అద్దం దించి, "అన్నా, వరంగలా, హన్మకొండనా?" అని అడగాల్సిందే. అవతలాయన "మాది నర్సంపేట" అంటాడు, లేదా "పరకాల దగ్గర" అంటాడు. ముందు వచ్చే హోటల్ దగ్గర రెండు బండ్లూ ఆగుతాయి. చాయ్ తాగేలోపు ఏదో ఒక చుట్టరికం తేలుతుంది, లేదంటే ఇద్దరికీ పాఠం చెప్పిన సారు ఒకాయన దొరుకుతాడు. నేను చాలా ఏండ్లు పుణెలో కొలువు చేశాను. అక్కడ నాకు దగ్గరైన దోస్తుల్లో ఒకాయన ఇట్లా నంబర్ ప్లేట్ చూసి పలకరించినాయనే. ఇప్పటికీ మా ఇంట్లో పెండ్లయినా, పేరంటమయినా ఆ ఇంటివాళ్లు రాకుండా జరగదు.

ఈ 36 మాకు 1989లో వచ్చింది. 1988 మోటారు వాహనాల చట్టం ఆ ఏడు జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాక దేశమంతటికీ ఒకే పద్ధతి పెట్టారు. ముందు రాష్ట్రం పేరుకు రెండక్షరాలు, తర్వాత జిల్లాకు అంకెలు, ఆ వెనక వరుస అక్షరం, చివరికి నాలుగంకెల నంబర్. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల పేర్లను ఇంగ్లిష్ అక్షరాల వరుసలో పెట్టి అంకెలు పంచారు. అందుకే ఆదిలాబాద్‌కు 1 దక్కింది, కరీంనగర్‌కు 15, నిజామాబాద్‌కు 25. డబ్ల్యూతో మొదలయ్యే మా వరంగల్ పోయి పోయి 36 దగ్గర ఆగింది. మా తర్వాత పశ్చిమ గోదావరి ఒక్కటే, 37. వరుసలో చివరనైతేనేం, పాతికేండ్లు మా జిల్లా మొత్తానికి అదే గుర్తు. జనగామ నుంచి ఏటూరునాగారం దాకా, మానుకోట నుంచి చేర్యాల దాకా, బండి ఎవరిదైనా 36 మాత్రం అందరిదీ.

మా ఇంటికి మాత్రం అంతకు ముందే ఒక నంబర్ ఉంది. 1989కి ముందు రిజిస్టర్ అయిన బండ్లకు మూడు ఇంగ్లిష్ అక్షరాలు, వాటి పక్కన నాలుగంకెల దాకా నంబర్ ఉండేవి. మన దగ్గర ఆ మూడింటిలో మొదటిది ఏ. మా బాపు ఆజంజాహి మిల్లులో క్లర్కు. 1978లో మా ఇంటికి బజాజ్ చేతక్ వచ్చింది. దానికి పేరు రాయించింది నేను బడికి పోకముందు, బండి ఇంటి ముందు ఆగింది నేను మూడో తరగతిలో ఉండగా. అప్పుడు చేతక్‌కు అంత గిరాకీ. బుకింగ్ కాగితాన్నే లాభానికి అమ్ముకున్నవాళ్లు మా శివనగర్‌లోనే ఉన్నారు. బాపును కూడా చాలామంది అడిగారు. ఆయన ఆ కాగితాన్ని ఇనుప పెట్టెలో, పట్టా కాగితాల కింద పెట్టి తాళం వేశాడు.

బండి వచ్చిన తర్వాత రిజిస్ట్రేషన్. మా దగ్గర మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ను ఎవరూ ఆ పేరుతో పిలువరు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే అంటారు. ఆయన ముందర బండి నిలబెట్టాలి. ఛాసిస్ నంబర్ కొట్టిన చోట గ్రీజు తుడిచి, పలుచటి కాగితం పరిచి, పెన్సిల్ అడ్డంగా పట్టి రుద్దుతారు. రుద్దినాకొద్దీ ఇనుము మీది అంకెలు కాగితం మీదికి తెల్లగా తేలుతాయి. నేను అది చూసి ఇంటికొచ్చి పైసల మీద, ఇత్తడి చెంబుల మీది పేర్ల మీద కాగితం పెట్టి రుద్దడం మొదలుపెట్టాను. అప్పటి ముద్ర కాగితం ఇంకోటి బాపు ఆర్‌సీ పుస్తకంలో మడిచి పెట్టుకున్నాడు. పెన్సిల్ గీతలు కొంచెం మాసినాయి గానీ అంకెలు ఇంకా చదవొస్తాయి.

నంబర్ ఇచ్చినాక దాన్ని రాయించడం ఒక పెద్ద పని. చౌరస్తా నుంచి స్టేషన్‌కు పోయే తొవ్వలో ఒక పెయింటర్ సాబ్ ఉండేవాడు. దుకాణాల బోర్డులు, ఎలక్షన్ల గోడ రాతలు, లారీల ముందర పేర్లు, అన్నీ ఆయనే. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ ఒకే తీరుగా రాసేవాడు. నేను బాపుతో పోయి ఆయన పక్కన గోనెసంచి మీద కూర్చున్నాను. నల్ల ఎనామిల్ వేసిన రేకు అప్పటికే ఆరి ఉంది. సుద్దపొడి అద్దిన దారాన్ని రేకు మీద ఈ చివర ఆ చివర బిగపట్టి, నడిమిట్ల గుంజి వదిలాడు. తెల్లటి సన్న గీత పడింది. కిందికి ఇంకొకటి. ఆ రెండు గీతల నడుమ పెన్సిల్‌తో అక్షరాల చోటు మాత్రం గుర్తు పెట్టుకున్నాడు, అక్షరం గీయలేదు. ఎడమ చేతిలో సన్న కట్టె పట్టుకొని దాని మీద కుడి మణికట్టు ఆనించాడు. కుంచెను తెల్ల రంగులో ముంచి డబ్బా అంచుకు రెండు దిక్కులా రాసి, ఊపిరి బిగబట్టి పై నుంచి కిందికి ఒక్క గుంజు.

మధ్యలో మాట్లాడితే కోపం. బాపు ఏదో అడగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన 8 రాసే తీరు నాకు ఇప్పటికీ కండ్లకు కట్టినట్టు ఉంది. చాలామంది రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి పెడతారు. ఆయన పై నుంచి మొదలుపెట్టి కుంచె ఎత్తకుండా వంపు తిప్పి కిందికి పోయి, మళ్లా అదే మీదికి తెచ్చి కలిపేవాడు. నడుమ సన్నగా, పైనా కిందా నిండుగా. రాయడం అయినాక కిర్సనాయిల్ అద్దిన గుడ్డ కొసతో అక్షరాల అంచులు సరిచేసి, సుద్ద గీతలు ఊది, "రేపటిదాక ఏలు పెట్టకు కొడుకా" అని నాకే చెప్పాడు. ప్లేట్ కింది మూలకు జొన్న గింజంత చోటులో తన పేరులో మొదటి అక్షరం పెట్టుకునేవాడు. పట్నంలో తిరిగే బండ్లలో ఆయన చేతివి ఏవో వెతికి చూడటం నాకు అప్పటి నుంచి పట్టుకుంది.

తర్వాతి కాలంలో రేడియం స్టిక్కర్లు వచ్చి ఆయన పని సగం పోయింది. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేట్లు కంపెనీ నుంచే బిగించి వస్తున్నాయి. దొంగతనాలు ఆపడానికి అవి మంచివే, అందులో వాదం లేదు. కానీ అంకెల్లో చెయ్యి తేడా కనపడే కాలం దాంతో ముగిసింది. ఒకే 4ను ఒక పెయింటర్ పైన మూసి రాస్తాడు, ఇంకొకరు తెరిచి రాస్తారు. కారు నంబర్‌కు అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, ఎడం 10 అని రూల్స్‌లో రాసి ఉంది. ఆ కొలతల లోపలే ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాసి చూపించారు.

బాపు బండి నంబర్ మా వాడలో అందరికీ నోటికి వచ్చు. ఫోన్లు లేని రోజులు గదా, మనిషి ఎక్కడున్నాడో బండి చెప్పేది. అమ్మ నన్ను పంపేది: "పోయి చూసిరా, మార్కెట్ల బండి ఉన్నదా, మిల్లు గేటు కాడ ఉన్నదా." నేను సైకిల్ మీద పోయి నంబర్లు చూసుకుంటూ వచ్చేవాడిని. ఒక్కోసారి అంత దూరం పోవాల్సిన పని కూడా ఉండదు. అండర్ బ్రిడ్జి దగ్గర పాన్ డబ్బా ఆయన నన్ను చూడగానే, "మీ బాపు బండి పోచమ్మ మైదాన్ దిక్కు పోయింది" అని చెప్పేవాడు. అప్పుడు ఊర్లో స్కూటర్లు ఎన్నుండేవి గనుక. డాక్టర్ గారి ఫియట్, రైస్ మిల్లు సేటు అంబాసిడర్, కాలేజీ లెక్చరర్ లాంబ్రెట్టా, ఫలానా నంబర్ అంటే ఫలానా మనిషి. ఆల్విన్ వాళ్ల పుష్పక్ స్కూటర్ కొన్న కొత్తలో మా మాస్టారు ఒకాయన తన నంబర్‌ను బోర్డు మీద రాసి మాకు గుణకారం లెక్కలు చెప్పాడు.

మా మేనమామ ఆర్టీసీలో మెకానిక్. ఎండాకాలం సెలవులకు ఆయన దగ్గరికి పోతే బస్సుల ముచ్చట్లే. ఆర్టీసీ బస్సు నంబర్‌లో జెడ్ ఎందుకు ఉంటుందో ఆయనే నాకు చెప్పాడు. నిజాం సర్కారు 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ తన తల్లి జహ్రా బేగం పేరు మీద బస్సు నంబర్లలో జెడ్ ఉండేలా చూశాడని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకదాన్ని, డెక్కన్ క్వీన్ అని పేరు పెట్టి, హైదరాబాద్‌లో ఆర్టీసీ భద్రంగా కాపాడుకుంటూ వచ్చింది. దాని నంబర్ హెచ్‌వైజెడ్ 223. హైదరాబాద్ సంస్థానం పోయింది, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, 1958లో ఏపీఎస్ఆర్టీసీ అయింది, మళ్లా మన తెలంగాణ ఆర్టీసీ అయింది. పేర్లు ఇన్ని మారినా బస్సు నంబర్‌లో జెడ్ మాత్రం కదలలేదు. హన్మకొండ బస్టాండ్‌లో ఆర్టీసీ సొంత బస్సు ఏదైనా సరే, వెనకకు పోయి చూస్తే కనపడుతుంది. ఒక కొడుకు తల్లిని తలుచుకున్న తీరు ఇన్ని ఏండ్లుగా పల్లెవెలుగు బస్సు మీద ములుగు, భూపాలపల్లి తిరుగుతున్నదంటే నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. మామ ఆ ముచ్చట చెప్పినప్పుడల్లా బస్సు వెనక రేకును అరచేత్తో తట్టేవాడు.

అక్షరాల్లో ఇంకా లెక్కలు ఉన్నాయి. పోలీసు బండికి పీ. ఆటోలు, లారీలు, కిరాయి కార్లకు టీ నుంచి వై దాకా. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్‌లో వచ్చే లారీల బారును చూస్తే ఆ అక్షరాలన్నీ ఒక్క దగ్గర దొరికేవి.

నంబర్లు చూడటంలో మాకు అసలైన పండుగ మాత్రం మేడారం జాతర. రెండేండ్లకు ఒకసారి, మాఘ పున్నమికి, ములుగు రోడ్డు మీద రాత్రింబవళ్లు బండ్ల బారు తెగదు. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, లారీలు, జీపులు. మేము పిల్లలం రోడ్డు పక్క అరుగు మీద కూర్చొని ఏ జిల్లా బండ్లు ఎన్ని పోయినాయో పలక మీద గీతలు పెట్టేవాళ్లం. నేను కాలేజీకి వచ్చి ఉద్యోగంలో చేరినాక కూడా జాతరకు వస్తే ఆ చూపు పోలేదు. ఎంహెచ్ 33 అంటే గడ్చిరోలి, ఎంహెచ్ 34 అంటే చంద్రాపూర్. బస్తర్ దిక్కు నుంచి వచ్చేవాళ్ల బండ్ల మీద ముందు ఎంపీ ఉండేది, 2000 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక సీజీ వచ్చింది. ఒడిశా బండ్లకు ఓఆర్ పోయి 2012లో ఓడీ అయింది. సమ్మక్క, సారలమ్మలను మొక్కే జనం ఎంత దూరం దాకా ఉన్నారో పుస్తకంలో చదవాల్సిన పని లేదు, ఆ ప్లేట్లు చదివితే సరిపోతుంది. గోదావరికి అవతలి వాళ్లు, ఇవతలి వాళ్లు గద్దెల దగ్గర ఒక్కటే. ఆ మాట నాకు మొదట అర్థమయింది బండ్ల వెనక నుంచే.

ఇక ఫ్యాన్సీ నంబర్ల సంగతి. మన తెలుగువాళ్లకు 9 మీద ఉన్న ప్రేమ అంతా ఇంతా కాదు. అంకెలన్నీ కూడితే 9 రావాలి, లేదంటే నాలుగూ 9లే ఉండాలి. కూడితే 8 వస్తే శని అంకె అని వద్దనేవాళ్లు చాలామంది. ముస్లిం సోదరులకు 786 ప్రాణం. ఆ నంబర్ ఆటో మీద ఉంటే ఆ ఆటో అద్దం ఎప్పుడు చూసినా తళతళలాడుతుంది, నేను గమనించిన మాట. ఆ రోజుల్లో మా దగ్గర 1 కావాలన్నా, 9999 కావాలన్నా ఎవరి పలుకుబడి వాళ్లది. తర్వాత నంబర్లకు ఫీజు కట్టి పాట పాడే పద్ధతి వచ్చింది, ఇప్పుడు అది ఆన్‌లైన్‌లోనే. 2024 ఆగస్టులో హైదరాబాద్ ఖైరతాబాద్ ఆఫీసులో టీజీ 09 9999 నంబర్ 25,50,002 రూపాయలకు పోయింది. 2025 ఏప్రిల్‌లో కేరళలో కేఎల్ 07 డీజీ 0007 నంబర్‌కు 45.99 లక్షలు వచ్చాయి. దుబాయిలో 2023లో పీ 7 అనే నంబర్ 5.5 కోట్ల దిర్హమ్‌లు పలికింది. అన్నం లేనివాళ్లకు తిండి పెట్టే కార్యక్రమం కోసం జరిపిన వేలం అది, అందుకని ఆ డబ్బు మీద నాకు గౌరవమే.

నంబర్ల మోజు బండ్లంత పాతది. 1893లో పారిస్ పోలీసులు బండ్లకు గుర్తు రేకులు ఉండాలని హుకుం చేశారు. ఇంగ్లండ్‌లో 1903 చట్టం వచ్చి 1904 జనవరి 1 నుంచి ప్రతి మోటారు కారుకూ నంబర్ తప్పనిసరి అయింది. లండన్‌లో ఏ 1 నంబర్ కోసం ఎర్ల్ రస్సెల్ అనే ప్రభువు రాత్రంతా కాచుకొని ఉండి దక్కించుకున్నాడని చెప్తారు. ఆ దేశంలో నంబర్‌ను బండి నుంచి విడదీసి విడిగా అమ్ముకోవచ్చు. కారు పాతబడితే నంబర్ తీసి కొత్త కారుకు పెట్టుకుంటారు, తాత నుంచి మనవడికి ఇస్తారు, వేలంలో పెడతారు. ఎఫ్ 1 అనే నంబర్ 2008లో దాదాపు 4,40,000 పౌండ్లకు అమ్ముడుపోయింది. కారు లేకున్నా నంబర్ ఒక ఆస్తి.

మన చట్టం తీరు వేరు. నంబర్ ఇచ్చేది మనిషికి కాదు, బండికి. బండి అమ్మితే దాంతోపాటే నంబరూ పోతుంది. బండిని తుక్కు చేస్తే దానితోనే ఆ నంబర్ కథ ముగుస్తుంది. ఈ మధ్య కొన్ని రాష్ట్రాలు ఫీజు కట్టించుకొని పాత నంబర్‌ను కొత్త బండికి తెచ్చుకునే వీలు ఇచ్చాయి. కానీ మేం పెరిగిన కాలంలో అలాంటి మాట లేదు. నంబర్ మీద మనసు ఉంటే బండిని కాపాడుకోవాలి. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. డబ్బు పెట్టి కొనేదానికి, దాచుకొని నిలబెట్టుకునేదానికి తేడా ఉంది. వేలంలో 9999 కొన్నాయనను చూసి సంతోషపడతాను, తప్పు లేదు. కానీ మట్టెవాడలో ఒక ఇంటి వెనక వేపచెట్టు కింద మూడక్షరాల నంబర్‌తో నిలబడ్డ ఫియట్‌ను చూసినప్పుడు ఆగిపోతాను. ఆ కారు కదలక చాలా కాలమైంది. ఆ ఇంటి పెద్దకొడుకు దసరాకు ఊరికి వచ్చినప్పుడల్లా దాన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించినట్టు చక్రాల కింద పెట్టి తీస్తాడు. నంబర్ ఏమంత గొప్పది కాదు, వరుసలో మామూలుగా వచ్చిందే. వాళ్ల నాయిన ఆ కారులోనే ఎంజీఎం దవాఖానకు డ్యూటీకి పోయేవాడు.

అరుదైన నంబర్ అంటే నా లెక్కలో అదీ. మొదట ఏ బండికి ఇచ్చారో ఆ బండి మీదనే, మొదట ఏ ఇంటికి వచ్చిందో ఆ ఇంట్లోనే, ఇంకా చెల్లుబాటులో ఉన్న నంబర్.

మా చేతక్‌కు కూడా ఒకసారి బేరం వచ్చింది. బాపు పోయిన తర్వాతి ఏడు హైదరాబాద్ నుంచి పాత స్కూటర్లు కొనే ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడు. బండి చుట్టూ తిరిగి చూశాడు, కిక్ కొడితే స్టార్ట్ అయింది, ఆర్‌సీ అడిగి చదివాడు. "నంబర్ కూడితే 9 వస్తున్నదమ్మా, మూడక్షరాల సిరీస్, ఒకటే ఓనర్, ఇట్లాంటిది దొరకదు" అని మేము అనుకోనంత ధర చెప్పాడు. అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది.

"బండి మీకు ఇచ్చి నంబర్ మేము ఉంచుకునే పద్ధతి ఉంటే చెప్పు బిడ్డా, ఆలోచిద్దాం" అంది.

"అట్ల ఉండదమ్మా, రెండూ ఒకటే" అన్నాడాయన.

"రెండూ ఒకటేనాయె. ఇంకెట్ల ఇస్త?"

ఆయన ఇంకో మాట మాట్లాడలేదు. పోయేముందు కార్బురేటర్‌లో పెట్రోల్ ఎండగొట్టి పెట్టమని, వారానికి ఒకసారి కిక్ కొట్టమని నాకు చెప్పి పోయాడు. ఆ మాట ఇప్పటికీ పాటిస్తున్నాను.

ఆర్‌సీ పుస్తకం గురించి ఇక్కడ చెప్పాలి. గట్టి అట్ట, లోపల చేత్తో రాసిన వివరాలు, గుండ్రటి ముద్రలు. అడ్రస్ గడిలో బాపు ఇంటి నంబర్ వేయలేదు, మిల్లు పేరు రాయించాడు. 1934లో మొదలైన మిల్లు అది. 1990లో మూతపడ్డది. ఎన్ని వేల కుటుంబాలకు బువ్వ పెట్టిందో వరంగల్‌లో ఏ వాడలో అడిగినా చెప్తారు. సైరన్ కూత వింటే షిఫ్ట్ మారిందని తెలిసేది, దాన్ని బట్టే అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఇప్పుడా సైరన్ లేదు, మగ్గాల చప్పుడు లేదు. మా ఆర్‌సీలో ఆ అడ్రస్ మాత్రం ఉంది, దాని మీద సర్కారు ముద్ర ఉంది.

2000ల మొదట్లో సొంత బండ్లకు నల్ల ప్లేట్లు పోయి తెల్ల ప్లేట్లు వచ్చినప్పుడు మాది కూడా మార్చాల్సి వచ్చింది. బాపు మళ్లా అదే పెయింటర్ సాబ్ దగ్గరికే పోయాడు. అప్పటికి ఆయన చూపు తగ్గి కండ్లద్దాలు వచ్చాయి, చెయ్యి మాత్రం తప్పలేదు. తెల్ల రేకు మీద నల్ల అక్షరాలు, 8 అదే ఒక్క గుంజులో. పాత నల్ల ప్లేట్ మా ముందరింట్లో బాపు ఫోటో పక్కన మేకుకు ఉంది.

తెలంగాణ ఉద్యమం నంబర్ ప్లేట్ల మీదికి కూడా వచ్చింది. 2009 డిసెంబర్ తర్వాత కాకతీయ యూనివర్సిటీ పోరగాండ్ల బండ్ల మీద ఏపీ చెరిగి టీజీ వచ్చింది. నయీంనగర్ రోడ్డులో రేడియం దుకాణం ముందు ఆ రెండక్షరాల కోసం బండ్లు బారుదీరేవి. ఏపీ మీద టీజీ అతికిస్తే చలానా రాసే పోలీసులు ఉన్నారు, చూసీ చూడనట్టు తలతిప్పుకున్న పోలీసులూ ఉన్నారు. ఏం చేసినా జనం ఆగలేదు. రాష్ట్రం కాగితం మీదికి రాకముందే రోడ్ల మీదికి వచ్చింది. 36ను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కోడ్ మాత్రం టీఎస్ అయింది. అంకెలు కూడా మారాయి: ఆదిలాబాద్ 01, కరీంనగర్ 02, మా వరంగల్ 03. రాష్ట్రం వచ్చిన సంబురంలో నేను ఆ సంగతి మొదట పట్టించుకోలేదు. కొన్ని నెలలకు హంటర్ రోడ్డులో ఒక కొత్త కారు మీద టీఎస్ 03 చూసి, ఇది ఎక్కడి బండి అని ఒక్క క్షణం ఆలోచించాను. మా బండే. అప్పుడు కొంచెం కలుక్కుమన్నది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయినాక ఇంకా చీలింది. వరంగల్ రూరల్‌కు 24, భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27. 2019లో ములుగు జిల్లా అయి 37 తీసుకుంది. ఆఫీసు దగ్గరికి రావడం జనానికి మేలే, ఏటూరునాగారం మనిషి ఒక కాగితం కోసం వరంగల్ దాకా రావాల్సిన బాధ తప్పింది. కానీ షిర్డీ తొవ్వలో ఇప్పుడు ఎవరిని చూసి అద్దం దించాలో తెలియాలంటే ఆరు అంకెలు గుర్తు పెట్టుకోవాలి.

మరి మా 36 ఎక్కడికి పోయింది? సిద్దిపేట జిల్లాకు పోయింది. ఇందులో నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటి ఉంది. చేర్యాల, కొమురవెల్లి ఇదివరకు మా వరంగల్ జిల్లావే, జిల్లాలు మారినప్పుడు సిద్దిపేటలో కలిశాయి. అంటే చేర్యాలలో ఒక ఇంటి ముందు ఏపీ 36 బండి, దాని పక్కన టీఎస్ 36 బండి రెండూ నిలబడి ఉండొచ్చు, రెండూ ఆ ఊరివే. మొత్తం పాత వరంగల్ జిల్లాలో 36ను పోగొట్టుకోనివాళ్లు వాళ్లొక్కరే. కొమురవెల్లి మల్లన్న జాతరకు పోయినప్పుడు అట్లాంటి జంట ఒకటి నిజంగానే కనపడ్డది. చేర్యాల నకాషీ బొమ్మలు వేసే ఇంటి ముందు, పాత హీరో హోండా, కొత్త స్కూటీ. ఇంటాయనను అడిగి ఫోటో తీసుకున్నాను. ఎందుకని ఆయన అడిగితే 36 కథంతా చెప్పాను. "గిది మాకు తోచనే లేదు గదా" అని భార్యను పిలిచి చూపించాడు.

2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఉద్యమంలో చలానాలకు భయపడకుండా అతికించుకున్న రెండక్షరాలు ఇప్పుడు సర్కారు అక్షరాలు. మా అన్న బిడ్డ కొన్న స్కూటర్‌కు టీజీ 03 వచ్చింది. పాత బండ్ల నంబర్లు మార్చాల్సిన పని లేదు గనుక మా ఇంట్లో ఇప్పుడు మూడక్షరాల చేతక్, ఏపీ 36 మారుతి, టీఎస్ 03 బైకు, టీజీ 03 స్కూటర్ ఒకే గేటు లోపల ఉన్నాయి. నాలుగూ వరంగల్ బండ్లే.

చేతక్‌కు 2028లో 50 ఏండ్లు నిండుతాయి. 50 ఏండ్లు దాటిన సొంత బండ్లను, అసలు రూపం మార్చకుండా ఉంచినవాటిని, వింటేజ్ బండ్లుగా నమోదు చేసే రూల్స్ కేంద్రం 2021లో తెచ్చింది. స్కూటర్లకూ అది వర్తిస్తుంది. ఫీజు 20,000 రూపాయలు, పదేండ్లు చెల్లుతుంది. ఆ తర్వాత మళ్లా చేయించుకోవాలంటే 5,000. కొత్తగా నమోదయ్యేవాటికి వీఏ అనే అక్షరాలతో వేరే నంబర్ ఇస్తారు గానీ, ఇదివరకే రిజిస్ట్రేషన్ ఉన్న బండికి పాత నంబర్ పాతదే ఉంటుంది. ఇన్నేండ్లూ ఐదేండ్లకోసారి రెన్యువల్ తప్పకుండా చేయిస్తూ వచ్చాం, ఇన్సూరెన్స్ కాగితాలు ఒక ఫైలులో ఉన్నాయి, ఇంజన్ అదే, ఛాసిస్ అదే, రంగు కూడా ఆర్‌సీలో రాసి ఉన్నదే. సైలెన్సర్ ఒక్కటి తుప్పు పట్టింది. దానికి సరైన పాత సామాను పోచమ్మ మైదాన్‌లో ఒక మెకానిక్ దగ్గర ఉందన్నారు, ఈ ఆదివారం పోయి చూడాలి. మీ ఇండ్లల్లో మూడక్షరాల ఆర్‌సీ పుస్తకాలు ఉంటే మాత్రం చెదలు పట్టకముందే ఒకసారి పెట్టె తెరిచి చూడండి, అడ్రస్ గడిలో ఏం రాసి ఉందో చదవండి.